పగిలే స్వరం

కద్రి గోపాల్‌నాథ్ వాయించిన త్యాగరాజ కీర్తనలకు అలవాటుపడ్డ మన చెవికి శాక్సఫోన్ గమకాల వాద్యం. ఊగుతుంది, జారుతుంది, సాహిత్యాన్ని పలికినంత పని చేస్తుంది. ఆ చెవితోనే సోవియట్ స్వరకర్త ఎడిసన్ డెనిసోవ్ శాక్సఫోన్ సొనాటా వినండి, ముఖ్యంగా రెండో భాగం. అక్కడ స్వరం ఊగదు. పగులుతుంది.

ఆల్టో శాక్సఫోన్‌కూ పియానోకూ 1970లో రాసిన రచన ఇది. మూడే భాగాలు. ఫ్రెంచ్ వాదకుడు జాఁ-మరీ లోండెక్స్‌కు అంకితమిచ్చాడు. ఆయనే ఆ డిసెంబరులో షికాగోలో తొలిసారి వినిపించాడు. డెనిసోవ్ సైబీరియాలోని తోమ్‌స్క్‌లో పుట్టి, గణితం చదివి, స్వరకర్త షోస్తకోవిచ్ ప్రోత్సాహంతో సంగీతంలోకి వచ్చినవాడు. మొదటి భాగంలో ఆ గణితజ్ఞుణ్ణి పట్టుకోవడం కష్టం కాదు. పన్నెండు స్వరాల వరుస, అడుగడుక్కీ మారే మాత్రలు. తాళం వేద్దామని చెయ్యెత్తేలోపు లెక్క మారిపోతుంది. తెలివికి దణ్ణం పెడతాం. మనసు కరగడానికి మాత్రం రెండో భాగమైన లెంటో దాకా ఆగాలి.

లెంటోలో ఎక్కువసేపు శాక్సఫోన్ ఒంటరిది. స్వరం ఎక్కడ మొదలైందో తెలియనంత మెల్లగా వస్తుంది. పియానో మెట్ల మధ్య చోటులేని సూక్ష్మశ్రుతుల్లో తచ్చాడుతుంది. ఉన్నట్టుండి ఆ ఒక్క స్వరంలోంచే రెండు మూడు స్వరాలు విడివడతాయి. మీటల మీద మామూలుది కాని వేళ్లపట్టు పట్టి, పెదవి బిగువు, ఊదే ఒరవడి సరిచూసుకుంటే గొట్టంలోని గాలి ఒకే తీరున కంపించడం మానేస్తుంది. దీన్నే మల్టీఫోనిక్స్ అంటారు. కసరత్తుగా చేసి చూపించే వాదకులకు కొదవలేదు. అలాంటివి విని విసిగిపోయాను కూడా. డెనిసోవ్ చేతిలో మాత్రం అది విన్యాసంగా తోచదు. ఏడుపు దిగమింగుకుంటూ మాట్లాడే మనిషి మాట వెనక ఇంకో గొంతు వినిపిస్తుందే, అలా ఉంటుంది.

కరుణరసమే అందామా? మన ఆలంకారికులు రసానికి ఆలంబనం ఉండాలన్నారు. ఇక్కడ పోయినవారెవరూ లేరు, కథ లేదు, సాహిత్యం లేదు. అయినా గొంతు పట్టేస్తుంది. ఊపిరి అయిపోతుందన్న ఎరుకే ఇక్కడి ఆలంబనమేమో. వయొలిన్ కమాను చివరికొస్తే వెనక్కి తిప్పి సాగించొచ్చు. ఊదేవాడు మామూలుగా ఎప్పుడో ఒకప్పుడు ఆగాలి. అలా ఆగే క్షణాలను డెనిసోవ్ దాచలేదు, వాటినీ రచనలో భాగం చేశాడు. ఆగిన ప్రతిసారీ మన ఊపిరీ ఆగుతుంది.

అడాల్ఫ్ శాక్స్ 1846లో పారిస్‌లో ఈ వాద్యానికి పేటెంట్ తీసుకున్నాడు. సింఫనీ ఆర్కెస్ట్రా దీన్ని ఎప్పుడో ఒకసారి పిలిచే అతిథిగానే ఉంచింది. అక్కున చేర్చుకున్నది జాజ్. అందుకే శాస్త్రీయ వాదకుల్లో కొందరు తమ నాదానికి జాజ్ వాసన సోకకుండా శుభ్రంగా, గుండ్రంగా వాయించడానికి అవస్థ పడ్డారు. డెనిసోవ్‌కు ఆ మడి లేదు. అదీ, ఒకప్పుడు జాజ్‌ను అనుమానంగా చూసిన సోవియట్ దేశంలో ఉండి! మూడో భాగంలో పియానో ఎడమచెయ్యి జాజ్ బృందంలోని డబుల్ బేస్‌లా నడక సాగిస్తుంది. శాక్సఫోన్ దానిమీద తుళ్లుతూ, తగవు పెట్టుకుంటూ పరుగెడుతుంది. పన్నెండు స్వరాల నియమం వీధిలోకొచ్చి కాలు కదిపినట్టుంది.

ఈ మూడో భాగాన్ని వేగంగా లాగించేస్తే చప్పట్లు తప్పక పడతాయి. నాకు నచ్చేది కొంచెం నిదానించే వాదకులు. వాళ్లు వాయిస్తుంటే ఆ తుళ్లింత అంచున లెంటోలోని గరుకుదనం తగులుతూ ఉంటుంది. చివరి పరుగులో కూడా, స్వరం ఎక్కడ చీలుతుందోనని చెవి కాపు కాస్తూనే ఉంటుంది.