గాలిపటం తీసే ఊరి పటం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలం జానంపేట చుట్టుపక్కల, అడవి అంచుల్లో రాక్షసగుళ్లున్నాయి. నాలుగు వైపులా రాతిపలకలు నిలిపి, పైన పెద్ద బండ కప్పి, చుట్టూ రాళ్లు వలయంగా పేర్చిన ఇనుపయుగపు సమాధులివి. గోదావరి వెంట ములుగు జిల్లా మల్లూరు దాకా ఇలాంటివి గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల శిలువ ఆకారంలో చెక్కిన నిలువురాళ్లు కూడా ఉన్నాయి. వాటి గురించి 1868లోనే కెప్టెన్ ములెరన్ అనే సర్వే అధికారి బెంగాల్ ఆసియాటిక్ సొసైటీకి రాశాడు. అయితే ఏ సమాధి పక్కన ఏది ఉంది, ఈ వలయాలు వాగు వైపు వరుస కట్టాయా, గుట్ట వైపు కట్టాయా అన్నది ఒక్క చూపులో తెలియాలంటే నేల మీద నిలబడి లాభం లేదు.

కింద నుంచి ఒక్కో గుడి కనిపిస్తుంది, వరుస కనిపించదు. ఉపగ్రహం నుంచి వరుస లీలగా తెలుస్తుంది, గుడి తెలియదు. 2019 నవంబరులో ఇస్రో పంపిన కార్టోశాట్-3 చాలా పదునైన కన్నున్న ఉపగ్రహం. దాని చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 25 సెంటీమీటర్లకు సమానం. రెండు మీటర్ల కప్పుబండ అందులో ఎనిమిది చుక్కల పొడవుంటుంది. బండ బీటలు వారిందా, ఎవరైనా పక్కకు దొర్లించారా అన్నది ఎనిమిది చుక్కల్లో తేలదు. అదే నూరు మీటర్ల ఎత్తులో మామూలు జేబు కెమెరా పెట్టి తీస్తే ఒక్కో చుక్క మూడు నాలుగు సెంటీమీటర్లకు దిగుతుంది. చెట్లకు కాస్త పైన, ఉపగ్రహానికి ఎంతో కింద ఉన్న ఆ ఎత్తే ఇక్కడ కావలసింది. డ్రోన్లు సంతకొచ్చిన సరుకు కావడానికి నూరేళ్లు ముందే కెమెరాను అక్కడికి మోసుకెళ్లిన సాధనం గాలిపటం.

వత్తి కాలితే ఫొటో

ఫ్రాన్సులోని లాబ్రుగియేర్ అనే చిన్న ఊళ్లో ఆర్థర్ బాట్యూ 1888లో గాలిపటానికి కెమెరా కట్టి పైనుంచి ఫొటో తీశాడు. మీట నొక్కడానికి పైన మనిషి లేడు కాబట్టి నెమ్మదిగా కాలే వత్తిని అమర్చాడు. వత్తి కాలి దారం తెగగానే షట్టర్ పడేది. అప్పుడే ఒక కాగితపు పట్టీ విడివడేది. కింద ఉన్నవాళ్లకు అదే కబురు, ఇక దించవచ్చని. ఎంత ఎత్తు నుంచి తీశాడో తెలియడానికి చిన్న భారమితిని కూడా జత చేశాడు. 1890లో ఈ పద్ధతినంతా వివరిస్తూ పుస్తకం వేశాడు.

షికాగో ఫొటోగ్రాఫర్ జార్జ్ లారెన్స్‌ది వేరే దారి. ఆయన మొదట బెలూన్ ఎక్కి ఫొటోలు తీసేవాడు. 1901లో బుట్ట తెగి 200 అడుగులకు పైనుంచి పడి, టెలిఫోన్ తీగలు అడ్డుపడటంతో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత మనిషి కిందే ఉండి కెమెరాను మాత్రమే పైకి పంపే ఉపాయాలు వెతికాడు. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం, ఆ వెంటే మంటలు నేలమట్టం చేశాయి. కొన్ని వారాలకు లారెన్స్ 17 గాలిపటాలను ఒకే తాడుకు వరుసగా కట్టి, 20 కిలోలు దాటిన కెమెరాను దాదాపు 2,000 అడుగుల ఎత్తుకు లేపాడు. కింద నుంచి తీగ గుండా కరెంటు పంపి షట్టర్ నొక్కాడు. కాలిపోయిన నగరమంతా ఒకే ఫొటోలోకి వచ్చింది. 1912-13లో హెన్రీ వెల్‌కమ్ సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలను పెట్టె గాలిపటాల నుంచి ఫొటోలు తీయించాడు. పురావస్తు శాస్త్రానికి ఈ విద్య పనికొస్తుందని నిరూపించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

పేంచ్ వేసేది వేరు, బరువు మోసేది వేరు

సంక్రాంతికి మనం ఎగరేసే పతంగి ఈ పనికి చాలదు. దాని సొగసంతా చంచలత్వంలోనే ఉంది. దారం వదిలితే గిరగిరా తిరుగుతుంది, బిగించి లాగితే ముక్కు ఎటుంటే అటు దూసుకుపోతుంది. పేంచ్ వేయడానికి ఆ గుణం కావాలి. కెమెరా మోసేదానికి మాత్రం వదిలిన చోటే గంటల తరబడి నిలిచే స్వభావం ఉండాలి. అందుకే ఈ పని చేసేవాళ్లు జపాన్‌వాళ్ల ఆరు మూలల రొక్కాకును, త్రికోణాకారపు డెల్టాను, పుల్లలే లేకుండా గాలి నిండి ఉబ్బే ఫ్లోఫామ్‌ను వాడతారు. తోక కట్టడం కూడా నిలకడ కోసమే.

ఏ రోజు ఏ గాలిపటమన్నది గాలే చెబుతుంది. గాలి వేగం రెట్టింపైతే దారం మీద లాగుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కాబట్టి మంద్రంగా వీచే రోజున రెండు మీటర్ల రొక్కాకు, బలంగా వీచే రోజున చిన్న ఫ్లోఫామ్ ఎక్కుతాయి. గంటకు 15 నుంచి 30 కిలోమీటర్ల గాలి అనువైనది. కొలిచే పరికరం లేకపోయినా ఫరవాలేదు. ఆకులు ఆగకుండా కదులుతుంటే మొదలుపెట్టవచ్చు. దుమ్ము లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే మంచి గాలి. చెట్లకు చెట్లే ఊగుతుంటే సామాను సర్దుకోవాలి.

దారం విషయంలో రాజీ పనికిరాదు. గాజుపొడి పూసిన మాంజాను, నైలాన్ చైనా మాంజాను దగ్గరికి రానీయకూడదు. మనుషుల మెడలు, పక్షుల రెక్కలు కోస్తున్నాయనే 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వాటిని దేశమంతటా నిషేధించింది. ఇక్కడ వాడేది 50 నుంచి 100 కిలోల లాగుడుకు ఆగే డాక్రాన్ అల్లిక దారం. అది చేతిలో జారితే తోలు ఊడుతుంది, కాబట్టి తోలు తొడుగులు తప్పవు. దారం కొసను చెట్టు మొదలుకో బండికో కట్టేస్తే చేతులు ఖాళీ అవుతాయి.

కొత్తవాళ్లు కెమెరాను గాలిపటానికే కడతారు. బాట్యూ కూడా అలాగే కట్టాడు. తర్వాతి తరం దాన్ని మార్చింది. ముందు గాలిపటాన్ని ఒంటరిగా పైకి పంపి, నిలకడగా ఉందో లేదో కాసేపు చూస్తారు. 20, 30 మీటర్ల దారం వదిలాక, ఆ దారానికే కెమెరాను వేలాడదీసి మళ్లీ దారం వదులుతారు. పైన గాలిపటం ఎంత కొట్టుకున్నా ఆ కుదుపులో చాలా భాగం మధ్యలోని దారమే మింగేస్తుంది. గాలిపటం కూలినా కెమెరాను పట్టుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

మిగిలిన ఊపును అణచడానికి 1912లో పియెర్ పికవె అనే ఫ్రెంచివాడు ఒక చిట్కా కనిపెట్టాడు. పైన ప్రధాన దారానికి రెండు చోట్ల కొక్కేలు తగిలించి, కింద శిలువలా ఉన్న చట్రం నాలుగు కొసలకు కప్పీలు బిగించాలి. ఒకే ఒక్క సన్నతాడు ఆ కొక్కేల్లోంచి, కప్పీల్లోంచి చుట్టి తిరిగి మొదటికి వస్తుంది. గాలిపటం లేచి పడి దారం వాలు మారినప్పుడల్లా ఆ తాడు కప్పీల్లో జరిగి చట్రాన్ని మళ్లీ సమతలానికి తెస్తుంది. కెమెరా నేరుగా కిందికి చూస్తూనే ఉంటుంది. పటం గీయడానికి పనికొచ్చే ఫొటో కావాలంటే ఈ అమరిక ఉండాలి.

షట్టర్ సంగతి ఈ రోజుల్లో సులువు. ఐదు సెకన్లకొకసారి తనంతట తానే నొక్కుకునేలా పెడితే గంటకు 720 ఫొటోలు. అందులో సగం మసకగా వచ్చినా నష్టం లేదు. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు పెంచితే మసక తగ్గుతుంది.

గోదారి ఇసుక, టేకు ఆకు

ఈ అడవుల్లో గాలిపటం ఎగరేయడం చేలల్లో ఎగరేసినంత తేలిక కాదు. చెట్లను దాటి వచ్చే గాలి చాలా దూరం దాకా సుడులు తిరుగుతూనే ఉంటుంది. అందుకే చెట్ల వెనుక నిలబడి ఎగరేస్తే గాలిపటం లేవకముందే తల తిప్పుతుంది. వేసవిలో బయటపడే గోదావరి ఇసుక తిన్నెలు, చెరువు కట్టలు, కోతలైపోయిన పొలాలు అనువైన చోట్లు. తీయవలసింది అడవిలో ఉంటే, గాలి వచ్చే వైపున్న ఖాళీ జాగాలో నిలబడి దారాన్ని దాని మీదికి సాగనివ్వాలి.

కాలం కూడా కలిసి రావాలి. వర్షాకాలంలో టేకు ఆకులు నేలను పూర్తిగా కప్పేస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలలకు చెట్లు ఆకు రాల్చి కింది రాళ్లు బయటపడతాయి. రోజులో ఏ వేళ అన్నదే అసలు చిక్కు. కొద్దిగా ఉబ్బిన మట్టిదిబ్బ, పూడిపోయిన కందకం ఏటవాలు ఎండలోనే నీడ వేసి తమను తాము పట్టిస్తాయి. నేలకొండపల్లి బౌద్ధస్తూపం చుట్టుపక్కల ఉన్న మట్టి ఆనవాళ్లను చూడాలన్నా ఆ ఎండే కావాలి. కానీ తెల్లవారుజామున నేల చల్లబడి గాలి స్తంభించి ఉంటుంది. మధ్యాహ్నం గాలి ఉన్నా వేడికి ఎగిసిపడుతుంది, ఎండ నెత్తిన పడి నీడలు మాయమవుతాయి. పొద్దెక్కాక గాలి కదిలే తొలి గంట, సాయంత్రం గాలి ఇంకా పడిపోని చివరి గంట, ఈ రెండే మిగులుతాయి.

ఫొటోలను పటంగా మార్చడానికి ముందే నేల మీద గుర్తులు పెట్టుకోవాలి. సున్నంతో పెద్ద అడ్డనిలువు గీతలు వేసి, వాటి మధ్య దూరాలను టేపుతో కొలిచి రాసుకోవాలి. ఒక ఫొటోలో కనిపించిన నేలలో సగానికి పైగా పక్క ఫొటోలోనూ పడాలి. అప్పుడే కంప్యూటర్ వాటిని అతికించి, కొలతలు తీయగల పటం చేస్తుంది. ఈ అతుకు పనికి ఉచితంగా దొరికే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ చాలు.

వరద, పోడు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఈ అంకెలన్నీ ఒకే చోట కొలిచినవి. 60 అడుగులకు ఏ వాడలోకి ముందు నీళ్లొస్తాయి, కరకట్ట లోపల ఏ కాలువ వెనక్కి తన్నుతుంది అన్నది ఆ అంకెలు చెప్పవు. వరద తీసిన మర్నాడు గోడల మీద, పొలాల్లో బురద గీత ఇంకా చెరగకముందే తీసిన పటం చెబుతుంది. ఆ రోజుల్లో మబ్బులు కమ్మి మామూలు ఉపగ్రహ కెమెరాలకు నేల కనిపించదు. గాలిపటం మబ్బు కిందే ఎగురుతుంది. ఉరుములు, మెరుపులు పూర్తిగా తగ్గాకే సుమా. తడిసిన దారం కరెంటును చేతిదాకా తెస్తుంది.

పోడు సంగతి ఇంకా సున్నితమైనది. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు దక్కాలంటే గిరిజనుల సాగు 2005 డిసెంబరు 13 నాటికే ఉండాలి. ఈరోజు తీసిన గాలిపటపు ఫొటో ఆ నాటి సాగును రుజువు చేయదు, అలా చేస్తుందని ఎవరూ ఆశ పెట్టకూడదు. అయితే 2012లో సవరించిన నిబంధనలు ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమేనని, వాటికి బదులు కావని స్పష్టంగా చెప్పాయి. మరి ఆ ఇతర సాక్ష్యాలేమిటి? పాత గట్లు, రాతి కుప్పలు, ఇప్పచెట్ల వరుసలు, పాడుబడిన గుడిసెల పునాదులు. ఆ గట్టు ఎవరి తాత వేశాడో ఊరి పెద్దలకు తెలుసు. దాని కొలతా చోటూ పటంలో ఉంటే వాళ్ల మాటకు ఆధారం దొరుకుతుంది.

డ్రోన్ ఉండగా ఇదెందుకు?

గాలి లేని రోజు డ్రోన్ ఎగురుతుంది, గాలిపటం ఎగరదు. డ్రోన్ చెప్పిన చోటికి వెళుతుంది, గాలిపటం గాలి పోయే వైపే వెళుతుంది. ఒక రోడ్డు వెంట పది కిలోమీటర్లు తీయాలంటే డ్రోనే నయం. కానీ ఒక శ్మశానవాటికనో ఒక గూడేన్నో గంటల తరబడి చూడాలంటే అరగంటకే బ్యాటరీ అయిపోయే యంత్రం కన్నా, గాలి ఉన్నంతసేపూ నిలిచే గాలిపటం మేలు. దానికి రొద లేదు. పాడైతే సంతలో దొరికే వెదురుతో, గుడ్డతో బాగవుతుంది.

అలాగని ఇది ఆడుకునే వస్తువూ కాదు. 2024 చివరిదాకా అమల్లో ఉన్న 1934 విమానాల చట్టం గాలిపటాన్నీ విమానాల లెక్కలోకే చేర్చింది. కిన్నెరసాని అభయారణ్యంలో ఫొటోలు తీయాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. అశ్వాపురం భారజల కర్మాగారం వైపు కెమెరా తిప్పే ఆలోచనే పెట్టుకోకూడదు. కరెంటు తీగల దరిదాపుల్లో ఎగరేయకూడదు. పోలీసులకు, అటవీ సిబ్బందికి ముందే చెప్పి మొదలుపెట్టడం అందరికీ క్షేమం.

ఈ విద్యకున్న అసలు విలువ ఎత్తులో లేదు, దారం పట్టుకున్న చేతుల్లో ఉంది. డ్రోన్‌తో ఒక మనిషి వచ్చి, తీసుకుని వెళ్లిపోతాడు. గాలిపటానికి నలుగురు కావాలి. ఒకరు దారం పట్టాలి, ఒకరు కెమెరా కట్టాలి, ఒకరు సున్నం గీతలు వేయాలి, ఒకరు ఆ నేల కథ చెప్పాలి. దించేటప్పుడు దారాన్ని చంకలో ఇరికించుకుని గాలిపటం వైపు నడిచే మనిషి మళ్లీ ఆ ఊరివాడే. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు ఒలికినప్పుడు తీరవాసులు గాలిపటాలతో, బెలూన్లతో తమ తీరాన్ని తామే పటం గీసుకున్నారు. ఆ పని నుంచే పబ్లిక్ ల్యాబ్ అనే సంస్థ పుట్టింది. జానంపేటలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఒక్క షరతు పెట్టుకోవాలి. తీసిన ప్రతి ఫొటో, చేసిన ప్రతి పటం నకలు ముందుగా గ్రామసభకు అందాలి, ఆ తర్వాతే పరిశోధకుడి కంప్యూటర్‌లోకి వెళ్లాలి. ఆ షరతు లేకపోతే గాలిపటం చౌకరకం డ్రోన్‌గానే మిగులుతుంది.