నవలలు ఓ ఏడాది ఆగుతాయి

ఈ వారం మా పేట శాఖా గ్రంథాలయంలో కుర్చీ దొరకలేదు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలతో హాలంతా నిండిపోయింది. బీరువాలోని పుస్తకం ఒక్కరి చేతిలోనూ లేదు. ఎవరి గైడు వాళ్లదే, ఎవరి నీళ్ల సీసా వాళ్లదే. ఇది గ్రంథాలయమా, ఫీజు లేని స్టడీ హాలా అని చిర్రెత్తుకొచ్చింది. పుస్తకాల బీరువాలకు తాళాలు వేయొద్దని నేను చాన్నాళ్లు పోరాడాను. మా శాఖలో తాళాలు తీసేశారు. నవలలు మాత్రం కదల్లేదు.

ఇలాంటప్పుడు నాకు గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పడవ గుర్తొస్తుంది. 1935లో పెదవడ్లపూడిలో ఆయన కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ ప్రయాణమంటే గంటల తరబడి ఊసుపోని వ్యవహారం. చదివే తీరిక అక్కడుంది, పుస్తకమే లేదు. అదే అందించారాయన. ఉర్దూ రాజ్యమేలుతున్న హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లు తెలుగు పుస్తకం కరువు తీర్చారు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వెళ్లేది పాత పత్రికల కోసం.

ఎక్కడ ఏది కరువో అక్కడ అది పెట్టారు. మరి మా పేట పిల్లలకు కరువేమిటి? ఇరుకింట్లో దొరకని నిశ్శబ్దం, ఫ్యాను, లైటు. అవి ఇస్తున్నాం. వాళ్లకు కావలసిన పుస్తకం ఇస్తున్నామా? మా బీరువాలో కరెంట్ అఫైర్స్ అంటే ఎప్పటివో సంగతులు. సిలబస్ మారినా గైడు మారదు. సొంత పుస్తకం మోసుకురాక ఏం చేస్తారు? ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు. పాఠకుడు తన పుస్తకం తనే తెచ్చుకోవాలని కాదు.

డబ్బు లేదనకండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు వేళకు జమచేస్తే చాలు. దాంతో ఈ ఏడాది కొత్త సిలబస్ పుస్తకాలు నాలుగేసి కాపీలు కొనండి, కుర్చీలు వేయండి, రాత్రి పదిదాకా తలుపులు తెరిచి ఉంచండి. నవలల కొనుగోలు ఒక ఏడాది ఆపినా నాకు సమ్మతమే. ఇన్నేళ్లూ వాటి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాణ్ణి, ఈ వాయిదా అడిగే హక్కు నాకుంది.