పంచగవ్య పరిశోధన: పైసలెవరివి? ప్రశ్నలెవరివి?

2020 ఫిబ్రవరిలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఒక ప్రకటన వేసింది. దేశీ ఆవు ఇచ్చే పాలు, పెరుగు, నెయ్యి, పంచితం, పేడల మీద పరిశోధన చేస్తామనేవాళ్ళు దరఖాస్తులు పెట్టుకోవచ్చునని దాని సారాంశం. పథకం పేరు 'సూత్ర పిక్'. బయోటెక్నాలజీ శాఖ, సిఎస్‌ఐఆర్, ఆయుష్ శాఖ కూడా ఇందులో భాగస్వాములు. కేన్సర్ నుంచి షుగర్ దాకా రోగాలకు ఆవులో మందు వెతకడం, దేశీ ఆవు విశిష్టతను శాస్త్రీయంగా స్థాపించడం దాని లక్ష్యాలు. కథల్నీ కవిత్వాన్నీ విమర్శించినట్టే ఇలాంటి ప్రభుత్వ ప్రకటనల్ని కూడా విమర్శకు పెట్టాలని మా అభిప్రాయం. ఎందుకంటే ఈ దేశంలో ఎక్కువ మంది జీవితాల మీద ప్రభావం చూపిన రచనలు నవలలు కావు, సర్క్యులర్లు.

ఈ రచనలో మమ్మల్ని మొదట ఆపింది దాని వ్యాకరణం. పరిశోధన అంటే 'ఔనా, కాదా' అని అడగడం. ఇక్కడ 'కాదా' లేదు. అంతకుముందు 2017లో ఇదే శాఖ ఐఐటి ఢిల్లీతో కలిసి పంచగవ్యం మీద నడిపిన కార్యక్రమం పేరులోనే 'శాస్త్రీయ ధ్రువీకరణ' అని ఉంది. దానికి కేంద్రమంత్రి అధ్యక్షుడుగా 19 మంది కమిటీ. జవాబు ముందే రాసిపెట్టుకొని, దానికి సరిపోయే లెక్క చేసుకురమ్మని పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి పంపడం లాంటిది ఇది. 2020 ప్రకటనను వెనక్కి తీసుకోవాలని 500 మందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టింది అందుకే. ఆవు మీద కోపంతో కాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వినడానికి వింతగా ఉన్న ప్రతి పరిశోధనా దండగ కాదు. అమెరికాలో విలియం ప్రాక్స్‌మైర్ అనే సెనేటరు 1975 నుంచి నెలనెలా వృథా ఖర్చులకు 'గోల్డెన్ ఫ్లీస్' అని వెక్కిరింపు బహుమతి ఇచ్చేవాడు. జనం నవ్వుకున్నారు. కానీ పశువుల పుండ్లలో గుడ్లు పెట్టే ఒక ఈగ ఎట్ల జతకడుతుందో చదవడం అంతే నవ్వులాటగా కనిపించే పని. ఆ చదువు నుంచే మగ ఈగల్ని గొడ్డుపోయేట్టు చేసి వదిలే పద్ధతి వచ్చింది, ఆ దేశం పశుసంపద బతికింది. కాబట్టి పేడ మీద పరిశోధన అనగానే ముక్కు మూసుకునే రకం కాదు మేము. మూసుకునే వీలు కూడా మాకు లేకుండింది. మా నాయిన జీతమున్న ఇంట్ల పొద్దుగాల కొట్టంల పెండ ఎత్తేది ఆయనే, మా అమ్మ ఆ పెండతోనే వాళ్ళ వాకిలి అలికేది. పేడ పొలానికి బలమని, పిడక పొయ్యికి పనికొస్తదని మాకు ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు. మా ప్రశ్న వేరు. ఏ ప్రశ్నకు డబ్బు దొరుకుతుంది, ఏ ప్రశ్నకు దొరకదు, దాన్ని నిర్ణయించేది ఎవరు?

'దేశీ ఆవు' అనే మాటనే తీసుకుందాం. ఈ దేశంలో తాగే పాలల్లో దాదాపు సగం బర్రెవి. మన తెలుగునాట పాలంటేనే బర్రె పాలు. బర్రె ఎక్కడినుంచో దిగుమతి అయింది కాదు, ఈ మట్టిదే. మరి అది దేశీ ఎందుకు కాలేదు? కంచ ఐలయ్య 2004లో 'బఫెలో నేషనలిజం' అని పుస్తకం వేస్తే వింతగా చూసినవాళ్ళు ఈ ప్రకటన చదివి ఉండాల్సింది. నల్లగా ఉండడం, బురదలో పడుకోవడం, ఎంత చాకిరీ చేసినా దండం పెట్టించుకోకపోవడం... బర్రె కులం ఏమిటో మేము చెప్పనక్కర్లేదు. చమత్కారం ఏమిటంటే, 2023లో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ వాళ్ళు పచ్చి మూత్రాన్ని నిజంగానే పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న ఆవుల, ఎద్దుల మూత్రంలో కనీసం 14 రకాల హానికర బ్యాక్టీరియా కనిపించింది. కొన్ని క్రిముల మీద బర్రె మూత్రమే మెరుగ్గా పనిచేసింది. 'ఔనా, కాదా' అని అడిగితే ఇట్లాంటి ఇబ్బందులొస్తాయి మరి.

అసలు పంచగవ్యం మీద పెద్ద ప్రయోగం ఎప్పుడో జరిగింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట నడిచి దళితులు మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత అగ్రకులాలవాళ్ళు 108 కుండల్లో పాలు, పెరుగు, పేడ, పంచితం నింపి మంత్రాలు చదువుతూ చెరువులో ముంచి 'శుద్ధి' చేశారు. పశువులు ఆ నీళ్ళు తాగినప్పుడు శుద్ధి అవసరం పడలేదు. మనుషులు తాగితే పడింది. ప్రయోగశాలలో దీన్ని కంట్రోలు అంటారు. పంచగవ్యం ఏ క్రిమిని చంపడానికి తయారైందో మహద్ ఫలితాల్లో స్పష్టంగా ఉంది. కొత్త ప్రాజెక్టుల 'పూర్వ పరిశోధనల సమీక్ష' అధ్యాయంలో ఈ ప్రయోగం ఎవరైనా రాశారా? మాకు అనుమానమే.

బతికిన ఆవు ఒకరిది, చచ్చిన ఆవు ఇంకొకరిది. చచ్చిన గొడ్డును మోసుకుపోయి, తోలు ఒలిచి, లందలో సున్నం పట్టించి, తంగేడు చెక్కతో పదునుపెట్టి చెప్పు, మోట, డప్పు చేసింది మాదిగలు. ఆ గొడ్డు ఎముక ఎక్కడ, నరం ఎక్కడ, ఏ వయసు తోలు ఏ పనికి ఆగుతుంది అన్నది వాళ్ళకు తెలిసినంతగా ఏ పశువైద్య కళాశాలకు తెలుసు? ఆ విజ్ఞానానికి గ్రాంటు రాలేదు. 2016 జులై 11న గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత యువకుల్ని బండికి కట్టేసి కొట్టారు. గోవు శరీరశాస్త్రం తెలిసినవాళ్ళకు ఈ దేశం ఇచ్చిన ఫెలోషిప్ అది.

ఫెలోషిప్ అన్నాం కాబట్టి యుజిసి సంగతి. ఈ సంస్థ 2001లోనే విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని సైన్సు పేరుతో పెట్టడానికి డబ్బులిచ్చింది. మన హైదరాబాదులో సిసిఎంబిని స్థాపించిన పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు యుజిసి పక్షానే తీర్పు చెప్పింది. 2015 అక్టోబరులో అదే యుజిసి, నెట్ లేని పరిశోధక విద్యార్థులకిచ్చే నెలకు 8 వేల రూపాయల ఫెలోషిప్‌ను ఆపేయాలని నిర్ణయించింది. విద్యార్థులు ఢిల్లీలో దాని ఆఫీసు ముందే బైఠాయించాల్సొచ్చింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోతూ రాసిన ఉత్తరంలో లెక్క ఉంది: తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేలు. 2021 ఫిబ్రవరికల్లా యుజిసికి ఇంకో పని దొరికింది. రాష్ట్రీయ కామధేను ఆయోగ్ పెట్టే 'గోవిజ్ఞాన' పరీక్ష రాసేట్టు విద్యార్థుల్ని ప్రోత్సహించమని వైస్‌చాన్సలర్లకు ఉత్తరాలు రాయడం. పశువధ వల్ల భూకంపాలొస్తాయన్న మాట ఆ పరీక్ష పాఠంలోనే ఉండింది. నాలుగు నెలల ముందు ఈ ఆయోగ్ అధ్యక్షుడే, పేడ బిళ్ళ పెట్టుకుంటే సెల్‌ఫోన్ రేడియేషన్ తగ్గుతుందని ప్రకటించాడు. గోల మొదలయ్యాక పరీక్ష వాయిదా పడిందనుకోండి.

ఇంతకీ అడగని ప్రశ్న ఒకటుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి ఎట్ల చస్తున్నాడు? ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్కల్లోనే 1993 నుంచి ఇట్ల పోయినవాళ్ళు వెయ్యికి పైన. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి వాసన తెలియదు. వాసన పోయింది, గాలి మంచిగయిందనుకొని దిగిన మనిషి మళ్ళీ పైకి రాడు. 2015 నవంబరులో కోజికోడ్‌లో అట్ల దిగి చనిపోయిన ఇద్దరు కార్మికులు ఆంధ్రప్రదేశ్ నుంచి వలసపోయినవాళ్ళు. వాళ్ళను కాపాడబోయిన ఒక ఆటోడ్రైవరు కూడా పోయాడు. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే 'బాండికూట్' రోబోను 2018లో తీసుకొచ్చింది కేరళలో కొత్తగా కంపెనీ పెట్టుకున్న కుర్ర ఇంజనీర్లు. మంత్రి అధ్యక్షుడుగా 19 మంది కమిటీ కాదు. పోయినోళ్ళ కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023లో 30 లక్షలు చేసింది. చావుకు ధర పెంచడానికి తీర్పు ఉంది. చావును ఆపే పరికరం మీద దరఖాస్తులు పిలిచే ప్రకటన కోసం మేము ఎదురుచూస్తున్నాం.

ఎదురుచూస్తూ కూర్చోలేదు కూడా. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేము. మేము చదివే విశ్వవిద్యాలయంలో ఈ పని మీదే చిన్న ప్రతిపాదన పెట్టాం. కమిటీలో ఒక ప్రొఫెసరుగారు పేజీలు తిప్పి, "బాగుందయ్యా, కాని ఇది నీ వాళ్ళ బాధ. ఇందులో ఆబ్జెక్టివిటీ ఎక్కడుంది?" అన్నారు. గోశాలలు నడిపేవాళ్ళు గోమూత్రం మీద పరిశోధిస్తే అడ్డం రాని ఆబ్జెక్టివిటీ మాకే ఎందుకు అడ్డమొచ్చిందో మేము అడిగాం. ఆయన వాచీ చూసుకున్నారు. "సైద్ధాంతిక చట్రం బలహీనంగా ఉంది" అని రాసి వాపసు పంపారు.

ప్రతిపాదనను మళ్ళీ టైపు చేయిస్తున్నాం. ఒక పట్టణం, 40 మంది కార్మికులు, 18 నెలలు. విషవాయువును కొలిచే మీటర్లు నాలుగు, కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షలకయ్యే ఖర్చు, ఇంటర్వ్యూ ఇచ్చిన ప్రతి కార్మికునికి ఆ పూట పోయిన కూలి. ఈ చివరి పద్దును క్రితంసారి ఎర్రసిరాతో కొట్టేశారు. ఈసారి దాన్ని మొదటి పేజీలో పెట్టాం.