రోటి మీద నిలబడ్డ వంట

మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి. ఈ దారుల వెంట ధాబాల సరసన మండి హోటళ్లూ, మోమోలు, నూడుల్స్ అమ్మేచోట్లూ వచ్చేశాయి. కంబోడియా వంట బోర్డు మాత్రం నాకింకా కనబడలేదు. రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఆ వంటకు కావలసిన సరుకు చాలామటుకు మన చెరువుల్లో, పొలం గట్ల మీదే ఉంది. మనం నేర్చుకోవలసింది వాళ్ల పనితనం.

అది రోటి దగ్గర మొదలవుతుంది. ఖ్మేర్ వంటకు, అంటే కంబోడియా వంటకు, ప్రాణం క్రూంగ్ అనే పచ్చి ముద్ద. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, పచ్చి పసుపు కొమ్ము, కఫిర్ నిమ్మాకు, వెల్లుల్లి, చిన్న ఉల్లి ఇందులో పడతాయి. వేసే వరుస ముఖ్యం. నిమ్మగడ్డిలో పీచు ఎక్కువ కాబట్టి సన్నటి చక్రాలుగా తరిగి ముందు దాన్నే దంచుతారు. తర్వాత దుంపలు. నీరున్న వెల్లుల్లి, ఉల్లి చివర్లో. ఉల్లి ముందే పడితే రోలంతా తడై, పీచు రోకలి కింద నలగకుండా జారిపోతుంది. మిక్సీలో తిప్పాలంటే నీళ్లు పోయక తప్పదు. పైగా బ్లేడు పీచును కోస్తుందే కానీ నలపదు. ఆ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. పసుపు ఎక్కువైతే ముద్ద పసుపుపచ్చ, నిమ్మగడ్డి ఆకు ఎక్కువైతే ఆకుపచ్చ, నానబెట్టి గింజ తీసిన ఎండుమిర్చి చేరితే ఎరుపు. ఆ ఎరుపు చాలావరకు రంగు కోసమే. హైదరాబాదు నాలుక ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, ఇంకాస్త కారం వెయ్యమని అడగకూడదు. మిరప పోర్చుగీసు ఓడలతో రాకముందు అక్కడా, ఇక్కడా కారమంటే మిరియాలదే. కంబోడియాలోని కంపోట్ మిరియాలకు 2010లో సొంత దేశంలో, 2016లో ఐరోపా సమాఖ్యలో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉప్పు, ఆ మిరియాల పొడి, నిమ్మరసం కలిపి మాంసం అద్దుకు తినడం అక్కడి అలవాటు.

రెండో మూలస్తంభం ప్రహోక్ అనే మాగిన చేప ముద్ద. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే తోన్లే సాప్ నది వెనక్కి తిరిగి అదే పేరున్న సరస్సులోకి పారుతుంది. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే ఆ సరస్సు, వానలు బాగా పడిన ఏడాది అయిదారు రెట్లవుతుంది. నీరు తీసేటప్పుడు చిన్న చేపలు రాశులుగా పడతాయి. తల తీసి, కడిగి, నలగ్గొట్టి, ఎండలో ఆరబెట్టి, ఉప్పు పట్టించి జాడీల్లో నెలల తరబడి మాగబెడతారు. వాసన ఘాటే. ఎండుచేపల కూర వండే ఇళ్లవాళ్లు బెదరనక్కర్లేదు. చింతపండు పులుసులోనో, సమ్లా కకోలోనో ఒక చెంచా కరిగాక వాసన అణిగి, రుచి చిక్కబడుతుంది. సమ్లా కకోలో పచ్చి బొప్పాయి, గుమ్మడి, పచ్చి అరటి, మునగాకు, చేప అన్నీ ఉంటాయి. దాన్ని చిక్కబరిచేది వేయించి పొడి కొట్టిన బియ్యం.

అందరూ పేరు చెప్పేది ఆమోక్. క్రూంగ్, కొబ్బరిపాలు, గుడ్డు, చేప ముక్కలు కలిపి, అరటాకు దొన్నెలో అడుగున నోని ఆకు పరిచి, ఆవిరి మీద ఉడికిస్తారు. జున్నులా గడ్డకట్టాలి. తొందరలో కొబ్బరిపాల కూరలా మరిగించి గిన్నెలో పోసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నాకది సమ్మతం కాదు. ఇందులో వాడేది ఎక్కువగా కొర్రమీను జాతి చేప. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే అని గుర్తుచేసుకుంటే, మన చెరువుల దగ్గర ఈ వంటకు లోటేముంది?

కంబోడియాలోని బాయన్ ఆలయపు గోడల మీద, పన్నెండో శతాబ్దం చివర్లో ఏడో జయవర్మ కట్టించిన ఆ రాళ్ల మీద, ఊచలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే వంటవాళ్లున్నారు. ఇంత పాత వంట మన కాలంలోనే తెగిపోబోయింది. 1975 నుంచి 1979 మొదటి వరకు ఖ్మేర్ రూజ్ ఏలుబడిలో పట్నాలు ఖాళీ చేయించారు, ఇళ్లలో వండుకోవడం మాన్పించి అందరినీ సామూహిక భోజనశాలలకు తోలారు, పలచటి గంజి పోశారు. సుమారు 17 లక్షల మంది చనిపోయారు. వంట అమ్మ నోటి నుంచి కూతురి చేతికి వచ్చేది; ఆ అమ్మలే పోయారు. రోతనక్ రోస్ అనే వంటగత్తె పల్లెలు తిరిగి పెద్దవాళ్ల దగ్గర పాత వంటలు రాసుకుని, 2019లో ‘న్హుమ్’ అనే పుస్తకం వేశారు.

ఇక తీపి సంగతి. తాటిచెట్టు కంబోడియా జాతీయ వృక్షం. కంపాంగ్ స్పూ తాటిబెల్లానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆమోక్‌లో తీపి ఇచ్చేది అదే. ఇక్కడ మన తాళ్లు గీసేది ఎక్కువగా కల్లు కోసం. శామీర్‌పేటలో ఎవరైనా ఈ వంటశాల తెరిస్తే చక్కెర మాని తాటిబెల్లం కొనాలి, రోలు పెట్టాలి, ఆవిరికి పట్టేంత సేపు మమ్మల్ని కూర్చోబెట్టాలి.