పేరు మాత్రం ‘తల్లే గొప్ప’

చినువా అచెబె 1958లో వెలువరించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల గురించి ఎవరు మాట్లాడినా ఒకటే మాట వినిపిస్తుంది. కలిసిమెలిసి బతుకుతున్న ఇబో పల్లెని తెల్లదొరలూ, వాళ్ళ మతమూ వచ్చి ముక్కలు చేశాయని. నిజమే, కాదనను. కానీ కథానాయకుడు ఒకాంక్వోని కాసేపు పక్కన పెట్టి, అందులోని ఆడవాళ్ళ వెంట నడిచి చూడండి. కథ ఇంకోలా కనిపిస్తుంది.

ముందు మంచి చెప్పుకుందాం. తుపాకీ పొరపాటున పేలి ఒక కుర్రాడు చనిపోతే, ఒకాంక్వోకి ఊళ్ళోంచి 7 ఏళ్ళ వెలి. పెళ్ళాంబిడ్డలతో తల్లి పుట్టినూరు ఎంబంటా చేరతాడు. మేనమామ ఉచెందు ఇంటికీ పొలానికీ చోటిస్తాడు. మామ కొడుకులు అయిదుగురూ తలా 300 విత్తనపు పెండలం దుంపలు ఇస్తారు. ‘నీది’ ‘నాది’ అన్న లెక్క లేదు. కష్టమొచ్చినవాడికి తల్లి ఊరే దిక్కు కనుకనే మనం పిల్లలకి ‘నెకా’ అని పేరు పెట్టుకుంటాం అంటాడు ఆ ముసలి మేనమామ. నెకా అంటే తల్లే గొప్ప అని.

అదే ఊళ్ళో నిజంగా నెకా అనే ఒక ఇల్లాలుంది! నాలుగు కాన్పులూ కవలలే. కవలలు అరిష్టమని నాలుగుసార్లూ అడవిలో పారేశారు. అయిదోసారి నిండు గర్భిణిగా ఆవిడ చర్చి గుమ్మం ఎక్కింది. మొగుడూ, అత్తింటివాళ్ళూ పీడ విరగడైందనుకున్నారు. తల్లి గొప్పతనం పేరు వరకే అన్నమాట. మేనల్లుడికి 1500 దుంపలిచ్చిన ఊరు ఈ తల్లికి ఒక్క బిడ్డని మిగల్చలేదు.

అయితే చర్చి గెలిచిందా? తొందరపడకండి. కియాగా అనే ఉపదేశకుడు ఊరు అంటరానివాళ్ళుగా చూసే ‘ఒసు’లను, తన సంఘంవాళ్ళే వద్దన్నా, లోపలికి రానిచ్చాడు. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే అదీ! కానీ ఉమువోఫియాకి కొత్తగా వచ్చిన స్మిత్ దొర చేసిందేమిటి? చచ్చిపోయిన బిడ్డ శరీరాన్ని పాత ఆచారం ప్రకారం కోయడానికి మొగుడికి అడ్డు చెప్పలేదని, ఒక చిన్నదాన్ని సంఘంలోంచి తీసేశాడు. కడుపుకోతతో ఉన్న తల్లికి మళ్ళీ వెలి. ఊరు వేసినా, చర్చి వేసినా వెలి వెలే కదా!

మంచి సమరయుడి కథలో క్రీస్తు చెప్పింది ఇందుకు సరిగ్గా ఎదురు. దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి, ‘నువ్వు ఎవరి మనిషివి?’ అని ఆ సమరయుడు అడగలేదు. ఊరు ‘మనవాళ్ళేనా?’ అని అడిగింది. స్మిత్ ‘మన నియమం పాటించిందా?’ అని అడిగాడు.

అచెబె తండ్రి మిషన్ ఉపదేశకుడు, బంధువుల్లో పాత ఆచారాలవాళ్ళూ ఉండేవారు. రెండిళ్ళ గుట్టూ తెలిసినవాడు కనుకనే ఏ పక్షానికీ వకాల్తా పుచ్చుకోలేదు. అది ఈ నవల బలం. అయితే నాకొక ఫిర్యాదు ఉంది. నెకా చేత ఒక్క మాటైనా అనిపించలేదు. చర్చిలో అడుగు పెట్టాక ఆవిడ ఏమైందో, ఆ అయిదో కాన్పు బతికిందో లేదో చెప్పలేదు. ఒకాంక్వో పతనానికి పుస్తకమంతా ఇచ్చిన రచయిత, ఆ తల్లికి ఒక్క పేరాతో సరిపెట్టాడు.

అయినా చదవండి. ఏ సమాజం మంచిదో తేల్చుకోవడానికి దాని విందులు చూడకూడదు, అది ఎవరికి తలుపు వేసిందో చూడాలి. ఆ చూపు ఈ నవలే నేర్పుతుంది.