బడే మియా పాఠం ఊరు దాటిపోయింది

1976లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. విజిల్ మోగిన పదిహేడో సెకనుకే మోహన్ బగాన్ గోల్. ఉలగనాథన్ అంచు నుంచి బంతి ఎత్తి వేశాడు, మహమ్మద్ హబీబ్ దాన్ని తలతో తమ్ముడి ముందుకు దించాడు, తమ్ముడు అక్బర్ వలలోకి కొట్టాడు. లెక్కల పుస్తకంలో ఆ గోల్ అక్బర్‌ది. నా లెక్కలో మాత్రం హబీబ్‌దే. అంత ఎత్తున వచ్చే బంతి మీద కళ్ళు పెట్టి, వెనకాల తమ్ముడు ఎక్కడున్నాడో చూడకుండానే తెలుసుకోవడం ఎవరికి చేతనవుతుంది? హైదరాబాదు మైదానాల్లో పెరిగిన వాడికి చేతనవుతుంది.

ఇది గాలిలోంచి వచ్చిన విద్య కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు నేర్పిన విద్య. 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయనదే. భారత జట్టుకు 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ సెమీఫైనల్ ఆయన శిక్షణలోనే వచ్చాయి. చరిత్ర ఇంతటితో చాలు, ఆయన కిటుకులు చూద్దాం. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే వదిలెయ్యాలి. అంటే బంతి రాకముందే ఎవరికివ్వాలో తెలిసి ఉండాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో తడబడి, సిగ్గుపడి, చివరికి దారికొచ్చేవాడు. రెండు కాళ్ళూ కుడికాళ్ళైన వాణ్ణి ఏ డిఫెండర్ ఎటు నెట్టగలడు?

హబీబ్ ఆ గాలి పీల్చి పెరిగాడు. అన్నదమ్ములు ఆరుగురూ ఫుట్‌బాలర్లే. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు పదహారేళ్ళ కుర్రాడు. మరుసటేడే ఈస్ట్ బెంగాల్ ఎగరేసుకుపోయింది. కలకత్తా మూడు పెద్ద క్లబ్బులూ వంతులవారీగా ఆయన్ను లాక్కున్నాయి. అక్కడి జనం 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్నారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చిన భారత జట్టులో ఆయనా ఉన్నాడు, కెప్టెన్ కూడా మన హైదరాబాదు నయీముద్దీనే.

హబీబ్ ఆట ఎలా ఉండేదంటే, పేరుకు ఫార్వర్డ్, పని కూలీ పని. గోల్ ముందు నిలబడి బంతి కోసం ఎదురుచూసే రకం కాదు. సగం మైదానం వెనక్కి దిగి, ఎదుటివాడి కాళ్ళ సందు నుంచి బంతి లాక్కుని, ఒంటిని అడ్డంగా తిప్పి నిలబడేవాడు. ఆ నిలబడటంలోనే ఉంది విద్యంతా. గోల్‌కు పూర్తిగా వీపు పెడితే ముందున్నది కనబడదు, పూర్తిగా ముఖం పెడితే వెనక నుంచి వచ్చే బంతి కనబడదు. వరిచేలో గట్టు మీద నడిచేవాడిలా ఒక భుజం అటు, ఒక భుజం ఇటు. అప్పుడు ఒక్క తాకుడుతో బంతి తిరగాల్సిన వైపే ఆగుతుంది. రెండో తాకుడుకు పాస్ వెళ్ళిపోతుంది.

1977 సెప్టెంబరు 24న పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. వానకు మైదానం బురదబురద. మోహన్ బగాన్ గోల్స్ రెండూ శ్యామ్ థాపా, హబీబ్ కొట్టినవే. చివరికి పెనాల్టీతో కాస్మోస్ 2-2 చేసుకుని బయటపడింది. పీలే ఉన్న జట్టును ఓటమి అంచుదాకా తెచ్చిన పోరగాడు మనవాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆట మానేశాక హబీబ్ కోచ్ అయ్యాడు. నా బాధంతా ఇక్కడే మొదలవుతుంది. ఆయన పాఠం చెప్పింది జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, ఆ తర్వాత హల్దియాలో. మరో హైదరాబాదీ స్ట్రైకర్ షబ్బీర్ అలీ 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ కప్పు పంచుకున్న భారత జట్టుకు కెప్టెన్. కోచ్‌గా 1998-99లో నేషనల్ లీగ్ గెలిపించింది గోవా సల్గావ్‌కర్‌ను. నయీముద్దీన్ కలకత్తాలోనూ, ఢాకాలోనూ పాఠాలు చెప్పాడు. మన చేలో పండిన పత్తి పరాయి మిల్లులో బట్టగా మారినట్టు మన విద్య ఊరూరా పోయింది. కలకత్తాను తిట్టను, వాళ్ళు అన్నం పెట్టి గౌరవించారు. పిలిచి చాప వెయ్యని మనల్ని మనమే అనుకోవాలి. 1965 తర్వాత సంతోష్ ట్రోఫీ తెలుగు నేలకు మళ్ళీ రాలేదు. 2024 డిసెంబరు 31న ఫైనల్ హైదరాబాదులోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. చూసింది మనం. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయింది. హబీబ్ 2023 ఆగస్టు 15న, జెండా పండగ రోజున, హైదరాబాదులోనే కన్నుమూశాడు.

ఇప్పుడు మా గుంటూరు వైపు చూస్తే కృత్రిమ పచ్చిక పరిచి, రంగు చొక్కాలు అమ్మి, వేసవి శిబిరాలు పెడుతున్నారు. ఒక శిబిరానికి మా అన్నయ్య కొడుకును పంపాం. నెల రోజులు ప్లాస్టిక్ కోన్ల చుట్టూ పరుగెత్తించారు. ఒక్క పూటైనా ఎడమకాలితో బంతి ఆపమని చెప్పలేదు. సర్టిఫికెట్ మాత్రం చక్కగా అచ్చువేసి ఇచ్చారు. ఇది నేర్పడం కాదు, దోపిడీ. గుంటూరు, ఒంగోలు స్టేడియాల్లో ఒక్కొక్క పాత హైదరాబాదీ ఆటగాణ్ణి జీతమిచ్చి కూర్చోబెట్టండయ్యా అని అధికారులకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత జట్టు ఫార్వర్డ్ దాకా వెళ్ళింది. నేల గొడ్డుపోలేదు.

మొన్న ఏప్రిల్‌లో మా ఊళ్ళో మిర్చి కోతలు అయిపోయి, టిక్కీలు యార్డుకెళ్ళాక కల్లం ఖాళీ అయింది. చేలన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి, ఆడుకోవడానికి చదునుగా ఉన్నది ఆ కల్లం ఒక్కటే. పిల్లల్ని పోగేసి రహీం గారి నిబంధన పెట్టాను: ఎడమకాలే, ఒక్క తాకుడే. బంతికి కారం దుమ్ము అంటుకుని, తలతో కొట్టినవాళ్ళు కళ్ళు నులుముకుంటూ బోరింగు దగ్గరికి పరుగెత్తారు. అందరికన్నా చిన్నది పదేళ్ళ పిల్ల. మొదటివారం ప్రతి బంతీ ఆ పిల్ల పాదం మీంచి జారి కంచెలో పడింది. రెండోవారం మోకాలికి తగిలింది. మూడోవారం ఒక సాయంత్రం బంతి వచ్చేముందు ఆ పిల్ల భుజం మీంచి ఒకసారి వెనక్కి చూసింది. నేను చెప్పలేదు, తనకే తోచింది. ఒంటిని అడ్డంగా తిప్పి ఎడమపాదం లోపలి అంచు పెట్టింది. బంతి చప్పుడు లేకుండా ఆగింది.