చేయడం, చేయించడం: ఫ్రెంచ్ క్రియ ‘ఫేర్’

ఫ్రెంచ్‌లో అడుగడుగునా వినిపించే క్రియల్లో ‘ఫేర్’ ఒకటి. లాటిన్ ‘ఫాకెరె’ నుంచి వచ్చిన దీని మూలార్థం చేయడం, తయారుచేయడం. దీని రూపాలు మామూలు సూత్రాలకు లొంగవు, కంఠస్థం చేయాల్సిందే: జ ఫే (నేను చేస్తాను), ను ఫజోఁ (మేము చేస్తాం), వు ఫెత్ (మీరు చేస్తారు), ఇల్ ఫోఁ (వాళ్ళు చేస్తారు).

నామవాచకంతో చేరినప్పుడు ‘ఫేర్’ దాన్ని క్రియగా నడిపిస్తుంది. తెలుగులో స్నానం, వంట, ప్రయాణం వంటి మాటలకు ‘చేయు’ తోడైనట్టే ఇదీ. ‘ఫేర్ లా క్విజీన్’ అంటే వంట చేయడం, ‘ఫేర్ లా వెసెల్’ అంటే గిన్నెలు కడగడం. ఆటలకు, వాద్యాలకు, చదువులకు నామవాచకం ముందు ‘ద్యు’ గానీ ‘ద లా’ గానీ వస్తుంది, లింగాన్ని బట్టి. ‘ఫేర్ ద్యు వెలో’ సైకిల్ తొక్కడం, ‘ఫేర్ ద్యు పియానో’ పియానో వాయించడం, ‘ఫేర్ ద్యు ద్ర్వా’ న్యాయశాస్త్రం చదవడం. అర్థాన్ని నిర్ణయించేది పక్కనున్న నామవాచకమే. అందుకే ఈ క్రియను విడిగా కాక, జంట పదాలుగా నేర్చుకోవాలి.

వాతావరణం చెప్పేటప్పుడు కర్త పేరుకు మాత్రమే ఉంటుంది. ‘ఇల్ ఫే ఫ్ర్వా’ అంటే చలిగా ఉంది. ‘నాకు చలి వేస్తోంది’ అనాలంటే మాత్రం ‘ఫేర్’ పనికిరాదు. ‘అవ్వార్’ (కలిగి ఉండు) అనే క్రియతో ‘జే ఫ్ర్వా’ అంటారు.

లెక్కల్లోనూ ఇదే క్రియ. ‘ద ఎ ద ఫోఁ కాత్ర్’: రెండూ రెండూ నాలుగు. కొట్లో ‘సా ఫే కోంబియాఁ?’ అంటే మొత్తం ఎంతయింది అని అడగడం. గడిచిన కాలాన్నీ ‘సా ఫే’తో మొదలుపెట్టి చెబుతారు.

మరో క్రియ ముందు నిలిచినప్పుడు ‘ఫేర్’ చేయించడాన్ని చెబుతుంది. తెలుగులో ‘ఇంచు’ ప్రత్యయం చేసే పని ఇదే కనుక తెలుగువారికి ఇక్కడ గొప్ప ఆసరా ఉంది. ‘వనీర్’ వచ్చు, ‘ఫేర్ వనీర్’ రప్పించు. ‘లీర్’ చదువు, ‘ఫేర్ లీర్’ చదివించు. చదివించే పాఠాన్ని కూడా చెబితే, ‘పిల్లల చేత’ అన్నదాన్ని ‘ఆ’ లేదా ‘పార్’ విభక్తిగా సూచిస్తుంది. తనకోసం చేయించుకునే పనికి ముందు ‘స’ చేరుతుంది. తెలుగు ‘కొను’కు ఇది సాటి. జుట్టు కత్తిరింపించుకోవడం ‘స ఫేర్ కుపే లె షవ’.

చేయడానికీ చేయించడానికీ మధ్య ఉన్న తేడాను వ్యాకరణం కూడా పాటిస్తుంది. ‘లా రోబ్ కెల్ ఆ ఫెత్’ అంటే ఆమె స్వయంగా కుట్టిన గౌను. ‘రోబ్’ స్త్రీలింగం కాబట్టి భూతకాల రూపం ‘ఫెత్’ అయింది. ‘లా రోబ్ కెల్ ఆ ఫే ఫేర్’ అంటే ఆమె కుట్టించిన గౌను. మరో క్రియకు ముందు వచ్చినప్పుడు ‘ఫే’ లింగవచనాలను బట్టి మారదు.